నాన్న డబ్బు కట్టి విప్పిన ఉత్తరం: 1820ల అమెరికాలో మెడికల్ స్టూడెంట్

(తెరపై: మడిచి, ఎర్ర లక్కతో అతికించిన కాగితం)

1820లు. సౌత్ కరోలినా నుంచి ఒక కుర్రాడు డాక్టరు చదువు కోసం ఫిలడెల్ఫియా వెళ్లాడనుకుందాం. అతను రాసిన ఉత్తరం చేతికి రావాలంటే ఇంటి దగ్గర నాన్న 25 సెంట్లు కట్టాలి. అప్పట్లో పోస్టు ఖర్చు ఎక్కువగా అందుకున్నవాళ్ల నెత్తినే పడేది. 400 మైళ్లు దాటితే ఒక్క కాగితానికి 25, రెండైతే 50. కవరు వాడితే అదీ ఇంకో కాగితం కిందే లెక్క! అందుకే ఉత్తరాన్నే మడిచి లక్క వేసేవాళ్లు. చోటు చాలకపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన అక్షరాల మీదుగానే మళ్లీ రాసేవాళ్లు. ఇన్‌లాండ్ లెటర్ అంచులు కూడా వదలని మన తరానికి ఇది తెలిసిన విద్యే. కానీ ఆ పాత ఉత్తరాలను ఇప్పుడు చదవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

(తెరపై: ప్రొఫెసర్ సంతకం ఉన్న చిన్న కార్డు)

ఇంత ఇరుకులో ఏం రాస్తారు? ముందు డబ్బు సంగతి. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మొత్తానికి కలిపి ఒకే ఫీజు ఉండేది కాదు. ఒక్కో ప్రొఫెసర్ దగ్గర విడిగా టికెట్ కొనాలి. ఒక్కోటి సుమారు 20 డాలర్లు. ఆ డబ్బు ప్రొఫెసర్‌కే. హాల్లో ఎంతమంది కూర్చుంటే ఆయనకంత ఆదాయం.

క్లాసులు నవంబర్‌లో మొదలై మార్చికల్లా అయిపోయేవి. డిగ్రీకి అలాంటి చలికాలాలు రెండు కావాలి. రెండో ఏడు కొత్త సిలబస్ అనుకుంటున్నారా? చాలావరకు అవే పాఠాలు, మళ్లీ మొదటినుంచి! పాత పాఠాలకే మళ్లీ డబ్బు పంపమని నాన్నని అడగడం, అసలు పరీక్ష అదేనేమో.

ఆ కుర్రాడు ఇంట్లోవాళ్ల జ్వరానికి సలహా రాస్తే, ఒంట్లోంచి కొంత రక్తం కార్పించేయమనో, పాదరసం కలిసిన కెలొమెల్ అనే మందు ఇమ్మనో రాసే అవకాశమే ఎక్కువ. క్లాసులో నేర్పిందే అది. 1813 దాకా అక్కడ పాఠాలు చెప్పిన బెంజమిన్ రష్‌కి ఈ రెండింటి మీదా గట్టి నమ్మకం.

(తెరపై: న్యూ హేవెన్ పాత చిత్రం)

ఇక అమ్మకి రాయడానికి చెయ్యి రాని సంగతి ఒకటుంది: శవాలు. అనాటమీ నేర్చుకోవాలంటే శవం కావాలి, చట్టం చూపిన దారిలో దొరికేవి చాలా తక్కువ. దాంతో రాత్రిపూట సమాధులు తవ్వేవాళ్లు. 1824లో న్యూ హేవెన్‌లో యేల్ వైద్య కళాశాల నేలమాళిగలో, కొత్తగా పూడ్చిన ఒక యువతి శవం దొరికింది. జనం కళాశాల మీదికి వచ్చారు. వాళ్లని ఆపడానికి సాయుధ దళాన్ని దించాల్సి వచ్చింది.

అన్ని సమాధులూ ఒకేలా తవ్వలేదు. డబ్బున్నవాళ్లు కాపలా పెట్టుకోగలరు. అందుకే దొంగల చూపు ఎక్కువగా పేదల, నల్లజాతివాళ్ల శ్మశానాల మీదే పడేది. 1831లో మసాచుసెట్స్ రాష్ట్రం చట్టం చేసింది: ఎవరూ అడగని శవాలను కళాశాలలకు ఇవ్వవచ్చు. దొంగతనం తగ్గించాలన్నదే ఉద్దేశం. అయితే అడిగేవాళ్లు లేకుండా పోయేది ఎవరు? మళ్లీ ఆ పేదలే.