చీకట్లో సైకిలు: వెలుగు ఎక్కడ పడాలి?

సభకు నమస్కారం.

చీకటి పడ్డాక సైకిలుకు లైటు ఎందుకని అడిగితే, దారి కనిపించడానికని చాలామంది చెబుతారు. అది సగం మాట మాత్రమే. వీధి దీపాలున్న రోడ్డు మీద దారి ఎలాగూ కనిపిస్తుంది. అక్కడ లైటు చేసే అసలు పని, మనం ఎదుటివారి కంటికి ఆనేటట్టు చేయడం. వీధి దీపాలు లేని చోట ఈ పనితో పాటు గుంటను, రాయిని, రోడ్డు అంచును మనకు చూపించే పని కూడా దాని మీదే పడుతుంది. ఈ రెండు పనులకూ కావలసిన వెలుగు ఒకటి కాదు కాబట్టి, మనం ఎక్కువగా ఏ దారిలో తొక్కుతామో తేల్చుకున్న తరువాతే లైటు కొనాలి.

కొనేటప్పుడు అందరి చూపూ ముందుగా డబ్బా మీద ముద్రించిన ల్యూమెన్ల అంకె మీద పడుతుంది. లైటు నుంచి వెలువడే మొత్తం కాంతిని ఆ అంకె చెబుతుంది గాని, అందులో ఎంత భాగం రోడ్డు మీద పడుతుందో చెప్పదు. ఒక చోట పడే వెలుగును కొలిచేది లక్స్. టార్చిలైటులా గుండ్రంగా వెలుగు చిమ్మే లైటు తన కాంతిలో చాలా భాగాన్ని చెట్ల కొమ్మల మీదికీ, ఎదురుగా వచ్చేవారి కళ్లలోకీ పంపి వృథా చేస్తుంది. పైఅంచు గీత గీసినట్టు తెగిపోయి, వెలుగంతా కిందికే పరుచుకునే లైటు తక్కువ ల్యూమెన్లతోనే ఎక్కువ దారి చూపిస్తుంది. జర్మనీలో రోడ్డు మీద వాడే సైకిలు లైట్లకు ఆమోద ముద్ర ఉండాలి. అక్కడి నిబంధనల ప్రకారం ముందు లైటు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకూడదు. ఇది ఎదుటివారి పట్ల మర్యాద మాత్రమే కాదు, మన క్షేమం కూడా; ఎందుకంటే కళ్లు బైర్లు కమ్మిన డ్రైవరుకు మనం ఎంత దూరంలో, ఏ పక్కన ఉన్నామో అంతుపట్టదు.

ఎంత దూరం కనిపించాలన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. గుంట కంటపడి, అది గుంటేనని తెలిసి, చేయి బ్రేకు పట్టుకునేలోగా ఒకటిన్నర సెకను గడిచిందనుకుంటే ఏడెనిమిది మీటర్లు దాటిపోతాము. ఆ తరువాత ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో నాలుగైదు మీటర్లు కావాలి. గంటకు 30 కిలోమీటర్లకు ఈ మొత్తం దూరం దాదాపు రెట్టింపవుతుంది, తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. లైటు చూపే దూరానికి మించిన వేగంతో తొక్కడమంటే కళ్లు మూసుకుని తొక్కడమే.

మంచి లైటు కొన్నా, దాన్ని వంచే తీరు తెలియకపోతే ఫలితం ఉండదు. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, లైటు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో అంత ఎత్తున ఒక గీత గీయండి. లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, వెలుగు పైఅంచు ఆ గీతకు 15 సెంటీమీటర్లు కింద పడేటట్టు వంచాలి. అప్పుడు ఆ అంచు 30 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. గతుకుల్లో లైటు తనంతట తాను పైకో కిందికో వాలుతూ ఉంటుంది కనుక ఈ పరీక్ష ఒక్కసారితో తీరేది కాదు.

వెనక ఎర్ర లైటు సంగతి మరింత శ్రద్ధగా చెప్పాలి. మిణుకుమిణుకుమనే లైటు త్వరగా చూపును లాగుతుందన్నది నిజమే, పగటిపూట అది మేలే. కాని చిమ్మచీకట్లో, ఆరుతూ వెలుగుతూ ఉండే చుక్కను బట్టి దూరాన్ని అంచనా వేయడం కష్టం. అందుకే రాత్రిపూట వెనక లైటు నిలకడగా వెలగడమే మంచిదని నా అభిప్రాయం. ఒకప్పుడు నేను సీటు కింద లైటు బిగించుకుని నిశ్చింతగా తిరిగాను. ఒక రాత్రి నా వెనక వస్తున్న మిత్రుడు, నా వానకోటు అంచు జారి లైటును పూర్తిగా కప్పేసిందని చెప్పేదాకా నాకు తెలియనే లేదు. దిగి చూస్తే, తడిసిన గుడ్డ లోపల లైటు చక్కగా వెలుగుతూనే ఉంది. అప్పటి నుంచి బయలుదేరే ముందు సైకిలును ఆనించి, పది అడుగులు వెనక్కి నడిచి, కారు డ్రైవరు కూర్చునే ఎత్తుకు వంగి చూస్తున్నాను. లైటు అద్దం మీద ఎండిన బురదను తుడవడం కూడా అప్పుడే.

రిఫ్లెక్టర్లకు ఛార్జింగ్ అక్కర్లేదు గాని, వాహనం లైటు వాటి మీద పడితే తప్ప అవి మెరవవు. పక్క సందులోంచి వచ్చే బండికి అవి ఆలస్యంగా కనిపిస్తాయి. వాటిలో పెడల్ మీదివి విలువైనవి, పైకీ కిందికీ కదిలే ఆ మెరుపును చూసి ఎవరో సైకిలు తొక్కుతున్నారని డ్రైవరు ఇట్టే పోల్చుకుంటాడు. వానలో తిరిగేవారు కనీసం ఐపీఎక్స్4 అని రాసి ఉన్న లైటు తీసుకోవాలి. అన్ని వైపుల నుంచీ పడే తుంపరలను అది తట్టుకుంటుంది. రోజూ రాత్రిపూట తొక్కేవారికి చక్రం ఇరుసులోనే అమర్చే డైనమో మేలు. సాధారణంగా 6 వోల్టుల దగ్గర 3 వాట్లు ఇచ్చే ఆ యంత్రానికి ఛార్జింగ్ అయిపోతుందన్న బెంగ లేదు.

బ్యాటరీ లైట్లు వాడేవారికి ఒక్క మాట. ముందు లైటు ఆరిపోతే మనకే తెలుస్తుంది. వెనకది ఆరిపోతే మనకు తెలియదు, వెనక వచ్చేవారికి మనం కనిపించము. అందుకే నేను సీటు కింద ఒకటి, మడ్‌గార్డ్ మీద ఒకటి, రెండు ఎర్ర లైట్లు ఉంచుతాను. రెండింటికీ ఒకే రోజు ఛార్జింగ్ పెట్టను, రెండూ ఒకే రాత్రి ఆరిపోకుండా.