లిస్టులో దొరికితే మంచి ఫైలేనా?

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి మాట్లాడుతున్నాను. గాజువాక తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, నా లాప్‌టాప్‌లో తెలియని ఫైలు ఒకటి ఉంది. దాని హ్యాష్ ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌లో దొరికింది. ఇంక టెన్షన్ లేదు కదా?"

అంత తొందరపడకు తమ్ముడూ.

హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది. పేరు మార్చినా అది మారదు. లోపల ఒక్క బిట్ మారితే మాత్రం మొత్తం మారిపోతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 (హ్యాష్ లెక్కగట్టే పద్ధతి పేరు) అని కొట్టండి. 64 అక్షరాల వరస వస్తుంది.

ఇక ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ నడిపే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఇది. సాఫ్ట్‌వేర్లు సేకరించి, వాటిలోని ఒక్కో ఫైలుకీ హ్యాష్ లెక్కగట్టి, ఆ పట్టికను అందరికీ ఉచితంగా ఇస్తారు. ఇదెందుకంటే, పోలీసులు కేసులో పట్టుకున్న కంప్యూటర్‌లో లక్షల ఫైళ్లుంటాయి. అన్నీ తెరిచి చూడటం ఎవరివల్ల అవుతుంది? మన ఇళ్లలో బియ్యంలోంచి రాళ్లు ఏరతాం. దర్యాప్తు చేసేవాళ్లు ముందు ఈ పట్టికతో పోల్చి బియ్యమే తీసి పక్కన పెడతారు, అంటే విండోస్ ఫైళ్లు, ఆఫీస్ ఫైళ్లు. చేటలో మిగిలినవి మనిషి కూర్చుని చూస్తాడు. ఈ ఆలోచన నాకెంత నచ్చిందో చెప్పలేను.

కానీ ఆ లైబ్రరీలో హ్యాకింగ్ టూల్స్ కూడా ఉన్నాయి. ఫొటోలో రహస్య సమాచారం దాచే ప్రోగ్రాములూ ఉన్నాయి. అవీ తెలిసిన సాఫ్ట్‌వేర్లే మరి! దొరికిందంటే అదెక్కడిదో తెలిసిందని మాత్రమే అర్థం. అలాగే, దొరకలేదని భయపడిపోకండి. ఆర్కే బీచ్‌లో మీరు తీసుకున్న ఫొటో ఏ లిస్టులోనూ ఉండదు.

ఇంకో మాట. ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 అనేవి హ్యాష్ లెక్కగట్టే పాత పద్ధతులు. ఎండీ5 హ్యాష్ ఒక్కటే కలిసిందని నమ్మేయకండి. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్వేర్ (హానిచేసే ప్రోగ్రాం), వేర్వేరు వాటికి ఒకే హ్యాష్ వచ్చేలా చేయగలిగే ఎండీ5 బలహీనతను వాడుకునే మైక్రోసాఫ్ట్ సంతకంలా కనిపించే దొంగ సర్టిఫికెట్ సంపాదించింది. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. అందుకే ఎస్‌హెచ్‌ఏ-256తో పోల్చుకోండి.

తమ్ముడూ, ఆ పట్టికలో హ్యాష్‌తో పాటు అది ఏ సాఫ్ట్‌వేర్‌లోదో, ఎవరు తయారుచేశారో కూడా రాసి ఉంటుంది. ముందు అది చదువు. ఆ సాఫ్ట్‌వేర్ నువ్వు ఇన్‌స్టాల్ చేసిందేనా? కాకపోతే ఆ పేరు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.