షట్టర్‌కు మోటారు పెట్టించే ముందు

దుకాణాలు కాస్త పెందలాడే కట్టేసి వచ్చిన విశాఖ వ్యాపారులందరికీ నమస్కారం.

షట్టర్‌కు మోటారు పెట్టిద్దామా అని అడిగేవాళ్లలో చాలామందికి నిజానికి మోటారు అవసరం లేదు. వాళ్ల షట్టర్ బరువెక్కింది, అంతే. 18 గేజి మందం రేకుతో చేసిన, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న షట్టర్ వంద కిలోలు దాటుతుంది. దాన్ని మనం రెండు చేతులతో ఎత్తేస్తున్నామంటే, పైన రోలర్‌లో ఉన్న స్ప్రింగులు ఆ బరువులో ఎక్కువ భాగం మోస్తున్నాయన్నమాట. ఏళ్లు గడిచేకొద్దీ వాటి బిగువు తగ్గుతుంది. మన ఊళ్లో ఉప్పుగాలికి తుప్పు తోడవుతుంది. అందుకే ముందు మెకానిక్‌ని పిలిపించి స్ప్రింగులు బిగించమనండి, షట్టర్ అంచులు జారే పక్క గాడులు, అంటే గైడ్‌లు, శుభ్రం చేయించండి, బేరింగులుంటే గ్రీజు పెట్టించండి. చాలా షట్టర్లు మళ్లీ తేలిగ్గా లేస్తాయి. ఆ స్ప్రింగుల జోలికి మాత్రం మీరు సొంతంగా వెళ్లకండి. బిగించిన స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది.

ఇక సైజు సంగతి. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పుస్తకంలో 10 చదరపు మీటర్లు దాటిన షట్టర్లకు చైను, క్రాంకు (చేత్తో తిప్పే పిడి) ఏర్పాటు విడిగా కనిపిస్తుంది. పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉంటే దాదాపు ఆ హద్దుకు చేరినట్టే. అంతకు చిన్నదైతే, స్ప్రింగు బాగుంటే, రోజుకు ఒకసారి తీసి ఒకసారి వేసే దుకాణానికి చేత్తో ఎత్తేదే నా సలహా. అంతకు పెద్దదైనా మోటారు ఒక్కటే దారి కాదు. పక్కన గొలుసు లాగితే గేరు మీద నెమ్మదిగా లేచే షట్టర్ ఉంది. కరెంటు అక్కర్లేదు, బలమూ పెద్దగా అక్కర్లేదు. గోదాములకు ఎంతో పనికొచ్చే ఈ ఏర్పాటు గురించి ఈ మధ్య ఎవరూ చెప్పడం లేదు. నాకది బాధగానే ఉంటుంది.

అయితే షట్టర్ ఎత్తేది ఎవరు అన్నది సైజు కన్నా పెద్ద ప్రశ్న. ఒంటరిగా మెడికల్ షాపు నడుపుకునే ఆడవాళ్లున్నారు. డెబ్బై దాటినా రోజూ వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దవాళ్లున్నారు. నడుం నొప్పితో వంగలేనివాళ్లున్నారు. తీసిపెట్టేవాళ్ల కోసం రోడ్డు మీద ఎదురుచూడటం వాళ్లకు రోజూ టెన్షనే. వాళ్లకు మోటారు హంగు కాదు, అవసరం. నిండా వాడుకోండి.

పెట్టించేటప్పుడు మాత్రం ఒక్క విషయంలో రాజీ పడకండి. కరెంటు లేకపోయినా ఆ షట్టర్ చేత్తో తెరుచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అది మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. పక్కన బిగించే సైడ్ మోటారుకు మామూలుగా చేతి గొలుసు వేలాడుతూ ఉంటుంది. కానీ మోటారు దుకాణం లోపల, మీరేమో బయట. ఇంకో తలుపు లేకపోతే ఆ గొలుసు మీకెలా అందుతుంది? ఒక్కటే ద్వారం ఉన్నవాళ్లు షట్టర్‌ను కదలకుండా పట్టి ఉంచే మోటారు బ్రేకును బయటి నుంచి తాళంచెవితో వదిలించే ఏర్పాటో, బ్యాటరీ బ్యాకప్పో అడగాల్సిందే. రోలర్ మధ్యలో పెట్టే సెంటర్ మోటారు చాలావరకు స్ప్రింగుల సాయంతోనే పనిచేస్తుంది. స్ప్రింగు పోయిన షట్టర్‌కు దాన్ని తగిలిస్తే మోటారు వేడెక్కి మొరాయిస్తుంది, బ్రేకు వదిలినా చేత్తో లేవదు.

మోటారు ఉంది కదా అని కింది తాళం మానేయకండి. మోటారు పట్టు పైన ఉంటుంది. కింద గడ్డపార దూర్చి షట్టర్ రేకు పట్టీలు పైకి నెట్టేవాణ్ణి ఆపేది ఆ తాళమే. కానీ తాళం తీయకుండా రిమోట్ నొక్కితే కింది పట్టీలు వంగిపోతాయి, ఒక్కోసారి మోటారే కాలిపోతుంది. అందుకని తాళం వేసి ఉన్నప్పుడు మోటారుకు కరెంటు అందకుండా చేసే స్విచ్చి ఉంటుంది, అది పెట్టించండి. చవక రిమోట్లకు నకళ్లు తేలిగ్గా చేయొచ్చు కాబట్టి నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకం తీసుకోండి. పిల్లలు తిరిగే చోట షట్టర్ కనబడకుండా రిమోట్ నొక్కొద్దు. కింద ఎవరైనా అడ్డొస్తే ఆగిపోయే సెన్సర్ అక్కడ తప్పనిసరి.

తుఫాను గాలికి మోటారు ఏమీ చేయదు. గాలి తోస్తే పట్టీలు గైడ్‌లోంచి ఊడొస్తాయి. షట్టర్ వెడల్పు మూడున్నర మీటర్లు దాటితే గైడ్ లోతు 65 మిల్లీమీటర్లు చాలదు, 75 ఉండాలి. మోటారు డబ్బులో కొంత అక్కడ పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

రాత్రిపూట కుర్రాళ్లు పడుకునే గోదాములవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోండి. 2022 మార్చిలో సికింద్రాబాద్ భోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచి, లోపల నిద్రిస్తున్న 11 మంది బిహార్ కార్మికులు బయటపడలేక చనిపోయారు. మనుషులు పడుకునే చోట మీ షట్టర్ ఏ రకమైనా సరే, లోపలి నుంచి చేత్తో తెరుచుకునే వేరే తలుపు ఒకటి ఉండి తీరాలి. అది లేకపోతే అక్కడ ఎవరినీ పడుకోనివ్వకండి.

అడ్వాన్సు ఇచ్చేముందు కొటేషన్‌లో షట్టర్ బరువెంతో, మోటారు ఎన్ని కిలోలు ఎత్తగలదో, కరెంటు పోతే ఎటువైపు నుంచి ఎలా తెరవాలో రాయించుకోండి. బిగించిన రోజే కరెంటు మెయిన్ స్విచ్చి ఆపించి, మెకానిక్ అక్కడ ఉండగానే మీ చేత్తో ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో బలం తక్కువున్నవాళ్ల చేత కూడా తెరిపించి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.