గేమ్ అయిపోవాలి: డాస్ కాలం నుంచి ఇప్పటిదాకా ఏం మారింది?

నమస్కారం అందరికీ. డాస్ కాలం నుంచి, అంటే కంప్యూటర్లలో విండోస్ రాకముందు నుంచి గేమ్‌లు ఆడుతూ వస్తున్న మనిషిని నేను. ఈ వీడియోలో ఏదో ఒక గేమ్‌కి మార్కులు వేయడం లేదు. ఇన్నేళ్లలో గేమ్‌ల తీరు ఎలా మారిందో, అందులో నాకు నచ్చిందేంటో, మింగుడు పడనిదేంటో చెబుతాను. గ్రాఫిక్స్ జోలికి పోను, ఆ తేడా చూస్తేనే తెలిసిపోతుంది. నా దృష్టిలో అసలు మార్పు ఒక్కటే. ఒకప్పుడు గేమ్ అయిపోయేది. ఇప్పుడు చాలా గేమ్‌లు అయిపోవు. అయిపోకూడదనే వాటిని తయారు చేస్తున్నారు.

ఇప్పుడు స్క్రీన్ మీద నడుస్తున్నది 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ దీన్ని దాదాపు ఒక్కడే చేశాడు. తమ్ముడి చేత పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కో ఫ్రేమ్ చూస్తూ బొమ్మలుగా మార్చాడు. అందుకే ఆ రాకుమారుడి నడకలో ఇప్పటికీ ప్రాణం ఉంటుంది. మొత్తం 12 లెవెల్స్. మనకిచ్చే టైమ్ 60 నిమిషాలు. గంట దాటితే కథ అయిపోయినట్టే.

ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నీడ మనిషి. మెక్నర్ దీన్ని మొదట చేసింది ఆపిల్ టూ కంప్యూటర్ మీద. అందులో మెమరీ నిండిపోయింది, కొత్త శత్రువు బొమ్మలు పెట్టడానికి చోటు లేదు. దాంతో హీరో బొమ్మనే కాస్త జరిపి, దాని మీదే మళ్లీ వేసి, మెరిసే నీడలాంటి ఆకారం తెచ్చాడు. ఆ నీడ మనం తాగాల్సిన ఔషధం తాగేస్తుంది, మన ముందే గేటు మూసేస్తుంది, చివర్లో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే దెబ్బ మనకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టేసి దాని వైపు నడిస్తే అది మనలో కలిసిపోతుంది. ఒక్క డైలాగ్ కూడా లేదు. ఆడే పద్ధతిలోనే కథ మొత్తం ఉంది. ఉన్నది గంట ఆట కాబట్టి అందులో ప్రతి గది గురించీ ఆలోచించే తీరిక ఆయనకు దొరికిందని నా నమ్మకం.

అలాగని పాతదంతా బంగారం అనను. అప్పటి చాలా గేమ్‌లు అంత కష్టంగా ఉండటానికి కారణం నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్లు. అక్కడ ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో నాణెం పడేది. ఆ లెక్క ఇంట్లో ఆడే గేమ్‌లకూ అంటుకుంది. మూడు లైఫ్‌లు పోతే మళ్లీ మొదటి లెవెల్. చాలా వాటిలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఇక చేతులు సరిగా సహకరించనివాళ్లు, వినపడనివాళ్లు, రంగుల తేడా తెలియనివాళ్లు ఆడలేకపోతే పట్టించుకున్న నాథుడు లేడు.

ఈ విషయంలో వచ్చిన మార్పు చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన గేమ్. కానీ అందులో అసిస్ట్ మోడ్ పెట్టారు. ఆట వేగం తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా ఆడుకోవచ్చు. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ టూ ఇలాంటి సెట్టింగులు 60కి పైగా పెట్టింది. బొత్తిగా చూపు లేనివాళ్లు కూడా దాన్ని చివరిదాకా ఆడగలిగారు. గేమ్ అంటే అందరికీ కష్టంగానే ఉండాలి అని పట్టుబట్టేవాళ్లతో నేను ఎప్పుడూ వాదిస్తాను. పక్కవాళ్లు అసిస్ట్ మోడ్‌లో ఆడితే మన గెలుపుకి వచ్చే లోటేమీ లేదు.

మరి దారి ఎక్కడ మళ్లింది? 2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి వేసే కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మారు. జనం నవ్వారు, తిట్టారు, కొన్నవాళ్లు కొన్నారు. ఆ తర్వాత ఇదే పద్ధతి ఎంత పెరిగిందో మనం చూస్తూనే ఉన్నాం. డబ్బు పెట్టి తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లూట్ బాక్స్‌లు వచ్చాయి. 2017లో వీటి వల్లే స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ టూ అనే గేమ్ మీద పెద్ద గొడవ జరిగింది. మరుసటి ఏడాది బెల్జియం ఇలాంటి డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు జూదం కిందకే వస్తాయని తేల్చింది. అది సరైన నిర్ణయం అని నా అభిప్రాయం. అసలు అంతదాకా వెళ్లకుండానే కంపెనీలు ఆగి ఉండాల్సింది.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది బ్యాటిల్ పాస్. లూట్ బాక్స్ డబ్బు అడుగుతుంది, ఇది డబ్బుతో పాటు మన సాయంత్రాలు కూడా అడుగుతుంది. 2013లో డోటా టూ అనే ఆన్‌లైన్ గేమ్ కాంపెండియం అని డబ్బు పెట్టి కొనే డిజిటల్ పుస్తకం ఒకటి తెచ్చింది. కొన్నవాళ్ల డబ్బులో పావు వంతు ఆ గేమ్ పోటీ అయిన ది ఇంటర్నేషనల్ టోర్నమెంట్ ప్రైజ్ మనీకి వెళ్లింది. అభిమానులు టోర్నమెంట్‌లో తమ వాటా వేసుకున్నారు, అందులో తప్పేం లేదు. 2018 నాటికి ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ విజయంతో ఆ పద్ధతికి పూర్తిగా వేరే రూపం వచ్చింది. ముందే డబ్బు కట్టాలి. తర్వాత రోజూ వచ్చి, వాళ్లు ఇచ్చిన పనులు చేసి, లెవెల్స్ దాటితేనే కొన్నవి చేతికి వస్తాయి. చాలా గేమ్‌లలో సీజన్ అనే గడువు ముగిసేలోపు దాటకపోతే అవి పోయినట్టే. ఇది అప్పు తీర్చడానికి వడ్డీ వ్యాపారి గుమ్మానికి తిరిగినట్టుంటుంది. ఆఫీసు పనో చదువో అయ్యాక కాసేపు హాయిగా ఆడదామని కూర్చున్నవాళ్లకు, ఈరోజు చేయాల్సిన పనులు మిగిలిపోయాయే అని టెన్షన్ పెట్టే వ్యవస్థ అది. హెల్‌డైవర్స్ టూ లాంటివి కొనుక్కున్న పాస్‌ను ఎప్పటికీ ఎక్స్‌పైర్ కానివ్వవు. అంటే వేరేలా చేయడం సాధ్యమే. చేయకపోవడం కంపెనీల ఇష్టం.

గేమ్‌లో మనం తిరిగే మ్యాప్‌లు పెద్దవైపోవడం కూడా ఆట అయిపోకుండా చేయడంలో భాగమే. టవర్ ఎక్కు, మ్యాప్ మీద యాభై గుర్తులు, ఒక్కొక్కటీ తుడుచుకుంటూ పో. 2017లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, 2022లో ఎల్డెన్ రింగ్ ఆ గుర్తులు తగ్గించి, దూరంగా కనిపించే చోటికి మనంతట మనమే వెళ్లేలా చేశాయి. ఆ దారిలో ఇంకా చాలామంది నడవాలి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం. మనం ట్రెండ్స్ అనుకునేవాటిలో పెద్దవి చాలావరకు కంపెనీ మీటింగుల్లో పుట్టినవి కావు. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ గేమ్‌కి ఆటగాళ్లు చేసిన మాడ్, అంటే ఉన్న గేమ్‌నే మార్చి చేసిన కొత్త ఆట. డోటా టూకి ముందున్న డోటా, వార్‌క్రాఫ్ట్ త్రీ గేమ్‌లో ఆటగాళ్లు చేసుకున్న మ్యాప్. పబ్‌జీ చేసిన బ్రెండన్ గ్రీన్ మొదలుపెట్టింది కూడా ఆర్మా టూ మాడ్స్‌తోనే. గేమ్ మన కంప్యూటర్‌లో ఉంది, దాన్ని విప్పి చూసే వీలు ఉంది, అందుకే ఇవన్నీ పుట్టాయి. ఫోర్ట్‌నైట్‌లో ఇప్పుడు సొంత మ్యాప్‌లు చేసుకోవచ్చు, కాదనను. అయితే అవి ఆ కంపెనీ సర్వర్ ఉన్నంత కాలమే బతుకుతాయి.

సర్వర్ ఆగిపోతే ఏమవుతుందో ద క్రూ చూపించింది. 2014లో వచ్చిన కార్ల గేమ్ ఇది. ఒంటరిగా ఆడే కథ చాలానే ఉన్నా ఇంటర్నెట్ తప్పనిసరి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల దగ్గర డిస్క్ మిగిలింది, గేమ్ మిగల్లేదు. చివరికి అభిమానులే పూనుకుని సొంతంగా సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. ఆ పని వాళ్లెందుకు చేయాలి? దానికి పక్కనే డూమ్ పెట్టి చూడండి. 1993లో వచ్చింది, 1997లో దాని సోర్స్ కోడ్, అంటే గేమ్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్, అందరికీ ఇచ్చేశారు. ఈరోజు కూడా కొత్త కంప్యూటర్లలో ఆడుతున్నారు, ఇప్పటికీ కొత్త లెవెల్స్ చేస్తున్నారు. ద క్రూ కంటే ఇరవై ఏళ్లు ముందు పుట్టిన గేమ్ నడుస్తోంది, తర్వాత వచ్చింది ఆగిపోయింది.

ద క్రూ మూసేశాక రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో దానికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వాళ్లు సర్వర్లు శాశ్వతంగా నడపమని అడగడం లేదు. మూసేసే రోజున గేమ్ ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. నేను దీనికి పూర్తిగా మద్దతు ఇస్తున్నాను.

అలాగని నాకు నిరాశ లేదు. 2024లో సోనీ తెచ్చిన కాంకర్డ్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ రెండు వారాలకే మూతపడింది. అంతకు ముందు ఏడాది వచ్చిన బాల్డర్స్ గేట్ త్రీలో స్కిన్లు, అంటే పాత్రలకు వేసే వేషాలు, అమ్మే షాపు లేదు, బ్యాటిల్ పాస్ లేదు, కథకు ముగింపు ఉంది. అదే ఆ ఏడాది మేటి గేమ్‌గా నిలిచింది. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు, 2016 నుంచి డబ్బు అడక్కుండా అప్‌డేట్స్ ఇస్తూనే ఉన్నాడు. 2025లో క్లెయిర్ అబ్‌స్క్యూర్ లాంటి గేమ్‌ను పేరు కూడా వినని కొత్త స్టూడియో చేసి చూపించింది. జనం కొంటున్నారు. పూర్తయ్యే గేమ్‌లకు గిరాకీ లేదనే మాట నేను ఇక ఒప్పుకోను.

అందుకే ఇకపై ఈ ఛానల్‌లో ప్రతి రివ్యూలోనూ రెండు విషయాలు కచ్చితంగా చెబుతాను. నెట్ లేకుండా గేమ్ తెరుచుకుంటుందా, కథ పూర్తవడానికి ఎన్ని గంటలు పడుతుంది. గ్రాఫిక్స్, సౌండ్ గురించి వాటి తర్వాతే మాట్లాడదాం. మొదట సిల్క్‌సాంగ్ అనే గేమ్ తీసుకుంటున్నాను, వచ్చే వీడియోలో కలుద్దాం.