ముందు నేనొక్కదాన్నే వెళ్లాను

అందరికీ నమస్కారం. ఒక తల్లిగా నాలుగు మాటలు చెప్పమన్నారు కాబట్టి వచ్చాను. నెల్లూరులో ఒంట్లో బాగాలేకపోతే పొగతోటకి పోతాం. అడుగుకో ఆసుపత్రి. అన్ని బోర్డులున్నా, నా బిడ్డ మాట వినే ఒక లేడీ డాక్టరు దొరకడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

అప్పుడు తనకి పదిహేనేళ్లు. ‘పాప’ అంటే ముఖం తిప్పుకునేది. మరి ఏమని పిలవమంటావని అడిగితే, ‘నాకే ఇంకా తెలీదమ్మా, బిడ్డ అను చాలు’ అంది. అందుకే ఇక్కడా బిడ్డ అనే అంటాను. తను ఆడో మగో, రెండూ కాదో, అది తనకి తెలిసినప్పుడు తెలుస్తుంది. ఈలోపు నెలసరి కడుపునొప్పి ఆగదు కదా.

ఒకరోజు స్కూలు బ్యాగు ఉతకబోతే అడుగు అరలో న్యూస్‌పేపర్ పొట్లాలు మూడు దొరికాయి. వాడిన ప్యాడ్లు. ఆడపిల్లల బాత్రూంలో డబ్బా దాకా వెళ్లలేక ఇంటికి మోసుకొస్తోంది. ఆ రోజుల్లో పొద్దుటి నుంచి మంచినీళ్లే తాగడం లేదట. నేను టీచర్ని. నలభై మంది పిల్లల ముఖాలు చదువుతాననుకునేదాన్ని. ఆ పొట్లాలు చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో హాలంతా కడుపుతో ఉన్నవాళ్లే. సిస్టర్ అక్కడి నుంచే గట్టిగా అడిగింది: ‘ఏమ్మా, పెళ్లి కాలేదుగా? డేట్ ఎప్పుడొచ్చింది?’ నా బిడ్డ నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. లోపల డాక్టరు తన జుట్టు వైపు, షర్టు వైపు చూసి నాతో అన్న మాట: ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి.’ నొప్పి ఎంతుందో అడగలేదు. తర్వాత ఎనిమిది నెలలు తను ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కలేదు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువై, హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 8.2కి పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం.

ఆ తర్వాత నేను చేసిందే మీకు చెప్పాలని వచ్చాను. బిడ్డని ఇంట్లో ఉంచి నేనొక్కదాన్నే రైలెక్కి ఒంగోలు వెళ్లాను. అక్కడి హాల్లో మా చుట్టాలెవరూ తగలరని. నా పేరు మీదే ఓపీ చీటీ రాయించుకుని డాక్టరమ్మ ముందు కూర్చుని అడిగాను: తనకి నచ్చిన పేరుతో పిలుస్తారా? నన్ను బయటికి పంపి తనతో విడిగా మాట్లాడతారా? లోపలి పరీక్ష లేకుండా చూడగలరా? ఆవిడ కాసేపు ఆలోచించి, ‘ఇలాంటి పిల్లల్ని నేను ఎక్కువమందిని చూడలేదు. చదువుకుని చూస్తాను, తీసుకురండి’ అన్నారు. నాకు ఆ మాట చాలు. అన్నీ తెలిసిన డాక్టరు కోసం హైదరాబాదో చెన్నయో పోనక్కర్లేదు, వినే డాక్టరు దొరికితే చాలని నా నమ్మకం.

రాత్రి ఎనిమిదికి, హాలు ఖాళీ అయ్యాక రమ్మన్నారు. బిడ్డ కూర్చోగానే ఆవిడ అడిగింది ఇది: ‘ఎక్కడ నొప్పి నాన్నా?’ అమ్మా అనలేదు. మన ఇళ్లలో ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా నాన్నా అనే పిలుస్తాం కదా, ఆ పిలుపు అంత పని చేస్తుందని నేను ఊహించలేదు. బిగుసుకున్న భుజాలు కిందకి దిగడం కళ్లారా చూశాను.

ఈ వయసులో నెలసరి ఇబ్బందులకి లోపలి పరీక్ష దాదాపుగా అవసరం పడదని చెప్పారు. నీళ్లు బాగా తాగించి పొట్ట మీద నుంచే స్కాన్ తీశారు, షర్టు బొడ్డు దాకా ఎత్తితే సరిపోయింది. రక్తపరీక్షలు, థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపముందా అన్నదీ చూశారు. ఐరన్ మాత్రలు, బ్లీడింగ్ తగ్గే మాత్రలు ఇచ్చారు. నెలసరి కొన్నాళ్లు రాకుండా ఆపే మందులు కూడా ఉన్నాయని, వాటి మంచిచెడులు తనకే వివరించారు. ఛాతీ బయటికి కనపడకుండా క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుంటోందని నాకు ఆ రోజే తెలిసింది. పక్కటెముకల మీద ఎర్రగా గాట్లు. ఆవిడ తిట్టలేదు. బ్యాండేజీ ఊపిరికి ప్రమాదం, బిగుతైన స్పోర్ట్స్ బ్రా వేసుకో, పడుకునేటప్పుడు అదీ తీసెయ్ అన్నారు. విడిగా మాట్లాడే ముందు నా ఎదుటే తనతో చెప్పారు: ‘నిన్నెవరైనా హింసిస్తున్నారని తెలిస్తే దాచలేను. మిగతాది మన మధ్యే ఉంటుంది.’

మా ఆడపడుచు మాత్రం, ‘ఏంది వదినా, మనసు మార్చే డాక్టర్లుంటారంట’ అంది. అది వైద్యం కాదు. మద్రాసు హైకోర్టు 2021లో తప్పుపట్టాక, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తి దుష్ప్రవర్తన కింద చేర్చింది. ఎవరైనా అలా మారుస్తామంటే బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి. కోరికకో రొట్టె పట్టే మా రొట్టెల పండక్కి, బిడ్డ కోసం పెళ్లి రొట్టె పట్టమంది మా ఆడపడుచు. నేను స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టాను.

బిడ్డకి దిగులు ఎక్కువైతే, మనకి టెన్షన్ ఎక్కువైనా సరే, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఆ రోజు డాక్టరుని అడిగిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకెళ్లాను. ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. కావాల్సినవాళ్లు ఫొటో తీసుకోండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లడానికి ఎవరికైనా కాళ్లు రాకపోతే, మీటింగ్ అయ్యాక నన్ను కలవండి. ఆ హాల్లో మీ పక్కన నేను కూర్చుంటాను.