గోడ ఆరిందా?

శ్రోతలకు నమస్కారం. బీరువా తలుపు తీయగానే ముక్క వాసన కొడుతోందా? అయితే ఈ నాలుగు మాటలూ మీకే.

మా పిన్ని వాళ్లది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు ఇంట్లో నడుంలోతు నీళ్లు, రోజుల తరబడి కదల్లేదు. తర్వాత బురద ఎత్తి, బ్లీచింగ్ చల్లి, కడిగీ కడిగీ పిన్ని చేతులు పడిపోయాయి. దీపావళికి ఇల్లు కళకళలాడాలని గోడలకు లప్పం పెట్టించి రంగు వేయించింది. రెండు నెలలైంది, తడిమితే పొడిగానే ఉంది. ఇంకేం కావాలి?

సంక్రాంతికి వెళ్తే గుమ్మంలోనే వాసన. తడిసిన గోనెసంచి వాసన. బీరువాలో కలరా ఉండలు, గదిలో సాంబ్రాణి పొగ, వాటి కింద ఆ ముక్క వాసన. "నాకేం తెలియట్లేదురా, ముక్కుకు అలవాటైపోయింది" అంది పిన్ని. అదే అసలు చిక్కు.

మేస్త్రిని పిలిచి బీరువా జరిపించాం. వెనక గోడంతా నల్లటి చుక్కలు. రంగు బుడగలెత్తి ఉంది. గోటితో గీకితే లప్పం తడిపిండిలా ఊడొచ్చింది.

ఇటుక నీళ్లు తాగినంత తొందరగా వదలదండీ. పైకి ఆరుతుంది, లోపల ఆరదు. మనం రంగు పూసి ఆ తడి బయటికొచ్చే దారి మూసేస్తాం. గాలాడని చోట బూజు పెరుగుతుంది, బూజు పెరిగినంతకాలం వాసన. కలరా ఉండలు వాసన మీద వాసన కప్పుతాయే గానీ గోడను ఆరబెట్టవు.

అందుకని రంగు డబ్బా కొనేముందు ఒక్క పని చేయండి. జానెడు పాలిథిన్ కవరు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. గోడవైపు చెమ్మ పట్టిందా, గోడ ఇంకా ఆరలేదు. పైవైపు పట్టిందా, ఆ తడి గదిలో గాలిది. ఇంట్లోనే బట్టలు ఆరేస్తున్నారేమో చూసుకోండి.

పిన్ని గోడలు గీకించి, వేసవంతా బోసిగా వదిలేసింది. బూజు గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కే కట్టుకోవాలి, అది మరవకండి. మనం రోజూ తిట్టుకునే బెజవాడ ఎండ ఆ ఏడాది మా పిన్నికి చుట్టమైంది. రోహిణి కార్తెలో కవరు అంటిస్తే పొడిగా వచ్చింది. అప్పుడు వేయించింది రంగు. బీరువా ఇప్పుడు గోడకు జానెడు ఎడంగా ఉంటోంది.

ఆ కవరు ముక్క మాత్రం దాచిపెట్టింది. పక్కింటివాళ్లు అడిగి పట్టుకెళ్తున్నారట.