ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావమ్మా? తిరుపతి స్టూడియోలో ఒక చర్చ

(పాల్గొన్నవాళ్లు: డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ మేనేజర్, బీఎస్సీ చదివి ఇప్పుడు శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. మధ్యలో పలమనేరు నుంచి ఒక ఫోన్.)

యాంకర్: అందరికీ నమస్కారం. మన ఊరికి 1954లోనే ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది, 1983లో పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015లో ఐఐటీ, సైన్స్ చదువులకి ఐసర్. ఇటు రేణిగుంట, శ్రీసిటీలో ఫ్యాక్టరీలు. అయినా డిగ్రీ అయిపోయిన పిల్లలు బెంగళూరు బస్సో చెన్నై బస్సో ఎక్కుతూనే ఉన్నారు, మా ఇంట్లోనే ఇద్దరు వెళ్లారు. చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఇంటర్న్‌షిప్ ఉందంటున్నారు కదా, అది నిజంగా పనిచేస్తోందా? మేడం, ముందు రూల్ ఏంటో చెప్పండి.

లెక్చరర్: 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారండీ. ఫస్టియర్ అయ్యాక 2 నెలలు ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ అయ్యాక 2 నెలలు చిన్న ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం బయటే. ఆలోచన చాలా మంచిది, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మా కాలంలో మూడేళ్లు ల్యాబులో టైట్రేషన్లు, అంటే ద్రావణం చుక్కచుక్కగా వేసి ఆమ్లం ఎంతుందో కొలిచే పని, చేసి కూడా అది బయట ఎక్కడ పనికొస్తుందో తెలియకుండానే బయటికొచ్చాం. కానీ ఒక్కో లెక్చరర్‌కి ముప్పై నలభై మంది పిల్లలు, అంతమందికి కంపెనీలు ఎక్కడ దొరుకుతాయి? అక్కడే దొంగ సర్టిఫికెట్లకి తలుపు తెరుచుకుంది.

యాంకర్: సార్, ఆ సర్టిఫికెట్లు మీ దగ్గరికి వస్తుంటాయా?

హెచ్‌ఆర్ మేనేజర్: రోజూ వస్తాయి. పెద్ద సీలు, రంగుల బోర్డరు, చూడ్డానికి భలే ఉంటాయి. నేను సర్టిఫికెట్ పక్కన పెట్టేసి ఒక్కటే అడుగుతాను, పొద్దున వెళ్లగానే ముందు ఏం చేసేవాడివి బాబూ అని. నిజంగా ఫ్యాక్టరీకి వెళ్లినవాడు తడుముకోడు. మాలాంటి చోట పనిచేసినవాడైతే, ఫోను గేటు దగ్గర ఇచ్చేసి, కోటు, ప్రత్యేకమైన చెప్పులు వేసుకుని, మణికట్టుకి పట్టీ కట్టుకుని, అది పనిచేస్తోందో లేదో టెస్టర్ మీద చూసుకుని లైన్‌లోకి వెళ్లేవాణ్ని సార్ అంటాడు. పట్టీ ఎందుకు అంటే, మన ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు తగిలితే చిప్ పాడైపోతుంది సార్ అంటాడు. అంతే, ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడతాను. కొనుక్కున్నవాడు 'నేను ప్రాజెక్టు చేశాను సార్' దగ్గరే ఆగిపోతాడు, చూస్తుంటే మనకే బాధేస్తుంది, ఎందుకంటే వాడు తెలివి తక్కువవాడేం కాదు.

యాంకర్: నువ్వు చెప్పమ్మా, నీకు ఉద్యోగం ఎలా వచ్చింది?

పూర్వ విద్యార్థిని: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె అండీ. సెకండియర్ పరీక్షలు అయ్యేసరికి మామిడి సీజన్ మొదలైంది. మా నాన్న బెంగుళూర కాయ, అంటే తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతాడు, ఆయనే వాళ్లని అడిగి ల్యాబులో పెట్టించాడు. జీతం ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్లు. గుజ్జు రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి, వెలుతురు వైపు పట్టి చూస్తే లోపల గీత కనిపిస్తుంది, అదే బ్రిక్స్, తీపి ఎంత ఉందో చెబుతుంది. తర్వాత పులుపుకి టైట్రేషన్. కాలేజీలో గులాబీ రంగు రాగానే ఆపి మార్కులు వేయించుకున్న పనే అది, ఇక్కడ మాత్రం బయట ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. మొదటి రెండు రోజులు చేతులు వణికాయి, అంత టెన్షన్.

లెక్చరర్: ఆ మూడో రోజు సంగతి చెప్పమ్మా.

పూర్వ విద్యార్థిని: మూడో రోజు రీడింగులన్నీ ముందు రోజుకంటే ఎక్కువ వస్తున్నాయి. కాయ అంతా ఒకే తోటది, అంత తేడా ఎందుకొస్తుంది? సూపర్‌వైజర్ అక్కని పిలిచాను. ఆమె అద్దం మీద గోరు పెట్టి గీకింది, ముందు షిఫ్టు వాళ్ల గుజ్జు ఎండి అతుక్కుని ఉంది. కడిగి, డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా సరిచేసి, ఆరు శాంపిళ్లూ మళ్లీ చూశాం. ఇదంతా మేడం రాయమన్న డైరీలో రాశాను. శ్రీసిటీలో ఇంటర్వ్యూకి వెళ్తే, రీడింగ్ తప్పని నీకెలా తెలుస్తుంది అని అడిగారు. ఆ అద్దం సంగతే చెప్పాను. ఇప్పుడు అక్కడే క్వాలిటీ ల్యాబులో ఉన్నాను.

హెచ్‌ఆర్ మేనేజర్: చూశారా, నేను అడిగేది ఇదే. తప్పు పట్టుకోవడం, దాన్ని పైవాళ్లకి చెప్పగలగడం. మార్కుల మెమోలో ఇది కనిపించదు.

యాంకర్: కానీ అందరికీ నాన్న పరిచయాలు ఉండవు కదా. పైగా జీతం లేకుండా రెండు నెలలు, ఆరు నెలలు అంటే పేదింటి పిల్లలు ఏం చేయాలి?

పూర్వ విద్యార్థిని: నా ఫ్రెండ్‌కి రేణిగుంటలో చోటు దొరికింది, హాస్టల్ డబ్బులు లేక మానేసింది. నాకంటే బాగా చదివేది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు ఊరుకోదు.

లెక్చరర్: ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. కంపెనీలు కనీసం బస్సు, భోజనం ఇవ్వకపోతే ఈ 10 నెలలు డబ్బున్నవాళ్ల చదువు అయిపోతుంది. ప్రతి పిల్లా ఫ్యాక్టరీకే వెళ్లాలని కూడా లేదు. మా బీఏ అమ్మాయి ఒకరు శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే కుటుంబం దగ్గర కూర్చుని, గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడపడం నుంచి రంగులు వేసేదాకా ప్రతి దశకీ ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అని రాసుకొచ్చింది. ఆ ఇంట్లోవాళ్లు అంతవరకూ అలా లెక్క వేసుకోలేదట. నడిచి వెళ్లేంత దూరంలో దొరికిన పని అది.

హెచ్‌ఆర్ మేనేజర్: డిగ్రీ అయ్యాక ఉన్న దారులు కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. 1961 అప్రెంటిస్ చట్టం కింద అయితే ఒప్పందం రాసుకోవాలి, స్టైపెండ్ ఇచ్చి తీరాలి. 2019లో మార్చిన నిబంధనల్లో డిగ్రీ వాళ్లకి నెలకి కనీసం 9,000 అని పెట్టారు, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ శిక్షణ పథకంలో ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. ఇంకోటి, 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. మొదలుపెట్టినప్పుడు అది 21 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లకని పెట్టారు, 12 నెలలు, నెలకి 5,000, అందులో 4,500 ప్రభుత్వం, 500 కంపెనీ, ఇవి కాక ఒకసారి 6,000. రెండింట్లోనూ డబ్బు పిల్లలకి వస్తుంది. ఎవరైనా ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ముందు మీరు డబ్బు కట్టండి అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

యాంకర్: పలమనేరు నుంచి ఫోన్ ఉంది. చెప్పండి అన్నా.

తండ్రి (ఫోన్‌లో): నమస్తే సార్. మీరు ఇప్పుడు చెప్పిందే మాకు జరిగింది. మావోడు బీకాం. ఎవరో ఫోన్లో మాట్లాడి 3,000 కట్టించుకున్నారు, రెండు నెలల ఇంటర్న్‌షిప్ అని కాగితం పంపారు. ఇంటర్వ్యూకి పోతే ఒక్క ముక్క చెప్పలేక వచ్చేసినాడు. ఇప్పుడు ఇంట్లోనుంచి కదలడు.

లెక్చరర్: అబ్బాయి పక్కనే ఉన్నాడా అండీ? మేం ఏమీ అనం, ఒకసారి ఫోన్ ఇవ్వండి.

విద్యార్థి (ఫోన్‌లో): నమస్తే మేడం.

హెచ్‌ఆర్ మేనేజర్: ఆ కాగితం సంగతి వదిలెయ్ నాయనా. ఆ రెండు నెలలు నువ్వు నిజంగా ఏం చేశావు?

విద్యార్థి: ఏం లేదు సార్. మా మామ టమోటా మండీలో కూర్చునేవాణ్ని.

హెచ్‌ఆర్ మేనేజర్: ఊరికే కూర్చున్నావా?

విద్యార్థి: లేదు సార్, చీటీలు రాసేవాణ్ని. రైతు ఎన్ని పెట్టెలు తెచ్చాడు, వేలంలో ఏ రేటు పలికింది, కమీషన్, హమాలీ పోను చేతికి ఎంత ఇవ్వాలి అని. సాయంత్రం అంతా కలిపి లెక్క చూసేవాణ్ని.

హెచ్‌ఆర్ మేనేజర్: లెక్క ఎప్పుడైనా తేడా వచ్చిందా?

విద్యార్థి: వచ్చింది సార్. వారం రోజులు రోజూ కొంచెం తగ్గేది, ఎక్కడా దొరకలేదు. చివరికి చూస్తే, పగిలిన కాయ ఉన్న పెట్టెలు వెనక్కి పంపేటప్పుడు హమాలీ డబ్బు రెండుసార్లు రాస్తున్నారు. అప్పటినుంచి వెనక్కిపోయే పెట్టెలకి వేరే పేజీ పెట్టాను.

యాంకర్: ఇది ఆ ఇంటర్వ్యూలో చెప్పలేదా నువ్వు?

విద్యార్థి: మండీ పని ఎవరైనా చెప్పుకుంటారా సార్?

లెక్చరర్: నాన్నా, మీ మామ చేత ఒక ఉత్తరం రాయించి కాలేజీలో ముందే అడిగి ఉంటే, నీ మెంటర్ దాన్నే ఇంటర్న్‌షిప్‌గా తీసుకోమని మాట్లాడి ఉండేవాళ్లు. నీ సబ్జెక్టు అకౌంట్స్, నువ్వు చేసింది అకౌంట్సే.

హెచ్‌ఆర్ మేనేజర్: వేరే పేజీ పెట్టానన్నావే, ఆ పుస్తకం ఇంకా ఉందా?

విద్యార్థి: ఉంది సార్, మామ దగ్గర ఉంది.

హెచ్‌ఆర్ మేనేజర్: మామని అడిగి తీసుకుని సోమవారం పొద్దున మా గేటు దగ్గరికి రా. ఆ కాగితం తేవద్దు, పుస్తకం తీసుకురా. మా స్టోర్స్‌లో సరుకు లెక్క చూసేవాళ్లతో నిన్ను కూర్చోబెడతాను, వాళ్లడిగేది అడుగుతారు, నువ్వు ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు.

విద్యార్థి: ఎన్నింటికి రావాలి సార్?

హెచ్‌ఆర్ మేనేజర్: తొమ్మిదికల్లా ఉండు. పలమనేరు నుంచి రావాలి కదా, ఆరింటికంతా బస్సెక్కు.